బరువులెత్తేవాడికి పరుగు పరీక్ష

మా అన్నయ్య గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు. "పక్కకి తప్పుకో నాయనా, బియ్యంలో రాళ్లు కనపడ్డం లేదు" అని మా అమ్మ చేటలోంచి తలెత్తకుండానే కసిరేది. అన్నయ్య నవ్వుతూ పక్కకి జరిగేవాడు. జరిగినా పెద్ద తేడా ఉండేది కాదు. మా ఇల్లు చిన్నది, ఆయన ఒళ్లు పెద్దది.

అనకాపల్లిలో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, చర్చి వెనక సందులో ఉండేవాళ్లం. నాన్నకి హైవే పక్కన వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్సు, చెరుకు తోలే ట్రాక్టర్ల తొట్టెలు అతికేవాడు. అన్నయ్య ఇంటర్ తప్పేక నాన్న దగ్గర పనిలో చేరేడు కానీ, పొద్దున్నా సాయంత్రం మాత్రం ఆయన కాళ్లు వాటంతట అవే మాస్టారి షెడ్డు వైపు వెళ్లిపోయేవి.

మాస్టారంటే స్కూలు మాస్టారు కాదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమాస్తా. వయసులో ఉండగా బరువులెత్తేవాడట, నడుం పట్టేసి మానేసేడు. ఊరి మైదానం పక్కన రేకుల షెడ్డొకటి అడిగి పుచ్చుకుని, అందులో కుర్రాళ్లకి వెయిట్ లిఫ్టింగ్ నేర్పేవాడు. బీడీ తాగేవాడు, తాగొద్దని కుర్రాళ్లని తిట్టేవాడు. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది విసిరేసేవాడు. మర్నాడు తనే వెళ్లి వెతికి తెచ్చుకునేవాడు.

నేను ఆ షెడ్డుకి మొదట వెళ్లింది అన్నయ్యకి ఇడ్లీల క్యారేజీ ఇవ్వడానికి. ఆలస్యమైందని పరుగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. ఒకరోజు మాస్టారు నన్ను ఆపి, "పిల్లా, ఎక్కణ్ణించి పరిగెడుతున్నావు?" అని అడిగేడు.

"ఇంటిదగ్గర్నించండి."

"ఆయాసం ఏదీ?"

అన్నయ్య నోట్లో ఇడ్లీతోనే, "అదంతే మాస్టారూ. దానికి ఆయాసం రాదు. సిన్నప్పుడు దాన్ని పట్టుకోలేక మాయమ్మ ఏడిసీది" అన్నాడు.

షెడ్డు వెనక సున్నం కొట్టిన గోడ ఉండేది. దాని మీద పెన్సిల్ గీతలు, పక్కన పేర్లు. వేళ్లకి రంగు సుద్ద పొడి అద్దుకుని, గోడ పక్కన నిలబడి, పరుగు తియ్యకుండా ఉన్నచోటునుంచే పైకి ఎగిరి చెయ్యి వెయ్యాలి. వేలిముద్ర ఎంత ఎత్తున పడిందో మాస్టారు కొలిచేవాడు. ఆ రోజు నాచేత కూడా ఎగిరించేడు. నా ముద్ర చూసి నాకే సిగ్గేసింది. అన్నయ్య ఎగిరేడు. అంత లావు మనిషి, నేలకి ఏమీ చెప్పకుండా లేచినట్టు లేచి, గోడ అంచుకి కొంచెం కింద చెయ్యి వేసి దిగేడు.

తరవాత మైదానం చుట్టూ ఇద్దర్నీ పరిగెత్తించేడు. నేను మాస్టారు ఆపమనేదాకా తిరుగుతూనే ఉన్నాను. అన్నయ్య రెండో చుట్టులోనే నడుం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"చూసేరా?" అన్నాడు మాస్టారు. "ఒకే కంచంలో తిన్నారు, ఒకే తల్లి కన్నది. వీడి బలమంతా కన్ను మూసి తెరిచేలోపు బయటికొచ్చేస్తుంది. నీది సన్నంగా, సాయంత్రందాకా కారుతూ ఉంటుంది. వీణ్ణి పరిగెత్తించి చేతకానివాడనకూడదు, నిన్ను ఎగిరించి పనికిరావనకూడదు. ఎంత కష్టపడ్డారన్నది కాదు, ఆ ఆటకి ఏం కావాలో అదే కొలవాలి."

ఆయనకి అదొక పిచ్చి. మునగపాక నుంచి సైకిల్ మీద వచ్చే కబడ్డీ కుర్రాడొకడుండేవాడు. వాడిచేత ఇటుకలు పేర్చి వాటి మధ్య మెలికలు తిరిగిస్తూ పరిగెత్తించేవాడు. గుండు విసిరే ఒకతనిచేత ఇసక నింపిన బంతిని తల మీంచి వెనక్కి విసిరించేవాడు. నాకు మాత్రం పరుగు తరవాత పరుగు. చుట్టూరా ఉన్న స్కూళ్లలో డ్రిల్లు మాస్టర్లు అందర్నీ ఒకే చుట్టు తిప్పి, ముందొచ్చినవాణ్ణి అన్ని ఆటలకీ ఎంపిక చేస్తారని ఆయనకి మంట. ఆ మాట ఎత్తితే బీడీ సగంలో ఆర్పేసేవాడు.

అన్నయ్యకి రాష్ట్రస్థాయిలో వెండి పతకం వచ్చింది. చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యేక పాస్టర్‌గారు ఆయన్ని ముందుకి పిలిచి నిలబెట్టేరు. ముసలమ్మలు వచ్చి చేతులు ఒత్తి చూసేరు. ఇంటికొచ్చి మాంసం కూరతో అన్నం తింటూ, "బంగారం నెగ్గినోడు నాకన్నా ఏటంత పెద్దోడు కాడమ్మా. వచ్చే ఏడు సూడు" అన్నాడు అన్నయ్య. ఆయన ఏదైనా గొప్పగా అనుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ వచ్చే ఏడులోనే నాన్న కళ్లు మసకబారడం మొదలైంది. కుర్రతనంలో అద్దం అడ్డు పెట్టుకోకుండా వెల్డింగ్ చేసినందుకని డాక్టరు అన్నాడు. మంట చూడొద్దన్నాడు. మంట చూడకుండా ఆ పని ఎలా చేస్తాడు? గేటుకి ఇనప బద్దీ వంకరగా అతికేవాడు. వచ్చినవాళ్లు ఏమీ అనలేక పట్టుకుపోయేవారు, మళ్లీ వచ్చేవారు కాదు.

సరిగ్గా అప్పుడే ఒక ప్రభుత్వ శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి నోటిఫికేషన్ పడింది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. వెయిట్ లిఫ్టింగ్‌కి కూడా పోస్టు ఉంది. రాష్ట్ర పతకం ఉంటే చాలు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అన్నయ్య పేపరు పట్టుకుని షెడ్డుకి పరిగెత్తినంత పని చేసేడు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కిందిదాకా చదివేడు. ఆయన మొహం మారిపోయింది.

ఏ ఆటవాళ్లయినా సరే, ముందుగా పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి. అందరికీ ఒకటే టైము. అందులో నెగ్గినవాళ్లకే ఆ తరవాత ఎవరి ఆటలో వాళ్లకి పరీక్ష.

"ఒరే, ఇది నీకు కాదు" అన్నాడు మాస్టారు.

"అదేటి మాస్టారూ, వెయిట్ లిఫ్టింగని రాసేరు కదా."

"రాసేరు. రాసినవాడికి వెయిట్ లిఫ్టింగ్ తెలీదు."

ఆయన ఊరుకోలేదు. ఇంగ్లీషులో అర్జీ రాయించేడు నాచేత, అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను. ముగ్గురం వైజాగ్ వెళ్లి ఆఫీసు బయట బెంచీ మీద మధ్యాహ్నందాకా కూర్చున్నాం. లోపలికి పిలిచిన ఆఫీసరు మంచివాడే. మాకు టీ తెప్పించేడు. అర్జీ మొత్తం చదివేడు.

"పరుగు వద్దనడం లేదు సార్" అన్నాడు మాస్టారు. "బరువులెత్తేవాళ్లకి, గుండు విసిరేవాళ్లకి పొట్టి పరుగు పెట్టండి. లేదంటే నిలబడి ఎగిరించండి. వాళ్ల ఒళ్లు ఎందుకు పనికొస్తుందో అందులో తెలుస్తుంది. ఇంత దూరం పరిగెత్తాలంటే వీడు తన ఒంటిని పాడుచేసుకోవాలి."

ఆఫీసరు అన్నయ్య వైపు చూసేడు. "మీరు చెప్పింది నాకు అర్థమవుతోందండీ. కానీ వీళ్లకి ఒకటీ వాళ్లకి ఒకటీ అంటే, రేపు పరుగులో పోయిన ప్రతివాడూ నా మీద కోర్టుకెళ్తాడు. అందరికీ ఒకటే పరీక్షంటే ఎవరూ వేలెత్తి చూపరు. పైగా రూలు నేను రాసింది కాదు."

"అందరికీ ఒకటైతే న్యాయమేనంటారా?"

"న్యాయమో కాదో నాకు తెలీదు మాస్టారూ. అడిగేవాళ్లకి చెప్పుకోడానికి తేలిక."

ఆయన మాతోపాటు గుమ్మందాకా వచ్చి, అన్నయ్య భుజం తట్టి, "ట్రై చెయ్యి బాబూ, ఎందుకు చెయ్యలేవు" అన్నాడు. ఆ మాట మంచికే అన్నాడు.

తిరుగు బస్సు ఎక్కేం. గాజువాక దాటేక అన్నయ్య ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "సెల్లీ, నాకు పరుగు నేర్పవే" అన్నాడు. నా పక్కన కూర్చున్న మాస్టారు వినీ విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేడు.

అది చలికాలం. శారద నది గట్టు మీద, మునగపాక వైపు పోయే దారిలో పొద్దున్నే వెళ్లేవాళ్లం. చెరుకు నరికే రోజులు. మంచులో బెల్లం వండుతున్న పొగ నేలకి దగ్గరగా పాకేది. నేను ముందు, ఆయన వెనక. ఆయన మడమలు నేలకి కొట్టుకునే చప్పుడు నాకు ముందునుంచే వినపడేది.

"చప్పుడు చెయ్యకుండా వెయ్యి అన్నియ్యా అడుగు. పాదం ముందు ఆనాలి."

"పాదమెక్కడుందో నాకేటి తెలుస్తాదే, కింద నాకేటీ కనపడదు."

చెరుకు నరికే ఆడవాళ్లు కత్తులాపి చూసేవారు. "ఏటమ్మా, ఏనుక్కి పరుగు నేర్పుతన్నావేటి?" అని ఒకావిడ అరిచింది. అందరూ నవ్వేరు. అన్నయ్య కూడా నవ్వేడు. నవ్వడానికి ఆగితే మళ్లీ ఊపిరి అందేదాకా చాలాసేపు పట్టింది.

మొదట్లో అంతా నవ్వులాటగానే ఉండేది. తరవాత మోకాలి కింద ఎముక ముందు భాగంలో నొప్పి మొదలైంది. వేడినీళ్ల కాపడం పెట్టుకుని వచ్చేవాడు. దారిలో ఆగి గట్టు పక్కన వాంతి చేసుకునేవాడు. నేను వీపు నిమరబోతే, "నువ్వు ముందుకెళ్లిపోవే, నీ పరుగు పాడవుద్ది" అనేవాడు. నాది పాడవడానికేముంది. ఆయన్ని ఇంటిదగ్గర దింపి, ఎండెక్కేక నా పరుగు నేను పరిగెత్తేదాన్ని.

ఒంటి బరువు తగ్గకుండా టైము తగ్గదని తెలిసింది. అన్నం మానేసేడు. గుడ్లు తగ్గించేడు. అమ్మ రాగి అంబలి కలిపి చేతిలో పెడితే సగం తాగి నాకిచ్చేసేవాడు.

"ఏట్రా, ఇంత ఒళ్లేసుకుని పిట్టలాగ తింటే ఎలాగరా?" అని అమ్మ మొత్తుకునేది.

"ఉద్యోగమొచ్చీనాక కుండతో తింటాన్లేమ్మా."

సంక్రాంతి వెళ్లేసరికి ఆయన చొక్కాలు భుజాల మీంచి జారడం మొదలుపెట్టేయి. మెడ సన్నబడి, చెవులు పెద్దవైనట్టు కనపడేవి. ఒకరోజు పొద్దున్న అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటున్నాడు. అమ్మ తప్పుకోమనలేదు. ఎండ ఆయన పక్కనుంచి వచ్చి చేట మీద పడుతోంది. అమ్మ చెయ్యి ఆపి కాసేపు ఆయన వైపు చూసి, మళ్లీ తల దించుకుంది.

షెడ్డుకి వెళ్తున్నాడు కానీ కాళ్లు సహకరించేవి కావు. పొద్దున్న పరిగెత్తిన కాళ్లతో సాయంత్రం బరువు భుజాన పెట్టుకుని కూర్చుంటే లేవలేకపోయేవాడు. మాస్టారు ఒక సాయంత్రం సుద్దపొడి డబ్బా తెచ్చి, "ఎగురు" అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

అన్నయ్య ఎగిరేడు. ముద్ర పాత గీతకి బాగా కింద పడింది. మళ్లీ ఎగిరేడు. అక్కడే పడింది.

"సన్నబడ్డావు కదా" అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "మోసే బరువు తగ్గితే ఇంకా పైకెగరాలి. ఎగరడం లేదంటే పోయింది కొవ్వు కాదురా. కండ పోయింది."

"ఉద్యోగమొచ్చేక మళ్లీ పెంచుకుంటాను మాస్టారూ."

"పరుగైన మూడోనాడే బరువుల పరీక్ష. ఎప్పుడు పెంచుకుంటావు? ఈ ఏడు వదిలెయ్. ఎప్పటికైనా మనకి తగ్గ పరీక్ష పెడతారు. నీకింకా వయసుంది."

"నాకుంది మాస్టారూ" అన్నాడు అన్నయ్య. "మా నాన్న కళ్లకి లేదు."

మాస్టారికి కోపం వస్తుందని డబ్బా వైపు చూసేను. విసరలేదు. మూత పెట్టి, గూట్లో పెట్టేసి, షెడ్డు తాళం అన్నయ్య చేతికే ఇచ్చి వెళ్లిపోయేడు. మర్నాటినుంచి అన్నయ్యకి ఏ పరీక్షా పెట్టలేదు. ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తనిచ్చి, పక్కన నిలబడేవాడు.

పరుగుకి ముందు ఆదివారం చర్చిలో అన్నయ్య కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసేరు. "ఈ బిడ్డ కాళ్లకి బలమియ్యి ప్రభువా, ఈ బిడ్డ పరుగుని నువ్వే నడిపించు" అని పాస్టర్‌గారు కళ్లు మూసుకుని చాలాసేపు వేడుకున్నారు. అందరం ఆమెన్ అన్నాం. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. బరువుల సంగతి ఎవరికీ తోచలేదు. బరువులంటే అన్నయ్యకి వచ్చిందే కదా, దానికి ప్రార్థన దేనికనుకున్నాం అందరం.

పరుగు వైజాగ్‌లో ఒక మైదానంలో పెట్టేరు. కుటుంబాల్ని లోపలికి రానివ్వలేదు. ఇనప కంచె పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య గుంపులో ఫుట్‌బాల్ కుర్రాళ్లు, హాకీ కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు పరుగు పందేల వాళ్లు. వాళ్లకదొక ఆటలా అయిపోయింది. కబుర్లాడుకుంటూ పరిగెత్తేరు. అన్నయ్య అందరికన్నా వెనక. పెదవులు తెరుచుకుని, తల ఒక పక్కకి వాలిపోయి, చేతులు మాత్రం నేను చెప్పినట్టే నడుం దగ్గర ఆడిస్తూ వచ్చేడు. చివరి చుట్టులో నా ముందునుంచి వెళ్లేటప్పుడు, "అడుగు చిన్నదెయ్యి అన్నియ్యా, చిన్నదెయ్యి" అని అరిచేను. విన్నాడో లేదో తెలియదు.

గీత దాటి ముందుకి పడిపోయేడు. స్టాప్‌వాచ్ పట్టుకున్నాయన వంగి ఏదో చెప్పేడు. అన్నయ్య నేల మీదినుంచే చెయ్యెత్తి నాకు చూపించేడు.

నెగ్గేడు.

నేను కంచెకి నుదురానించి ఏడ్చేను. అంత సంతోషం నా సొంత పరుగులో నాకెప్పుడూ రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సందులోవాళ్లందరూ మా వాకిట్లో ఉన్నారు. నాన్న అన్నయ్య మొహం రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. "సిక్కిపోయేవురా" అన్నాడు. అప్పటిదాకా ఆయనకి కనపడనే లేదు కాబోలు.

మూడోనాడు బరువుల పరీక్ష. ఈసారి మాస్టారు కూడా వచ్చేడు. హాలులో గోడవార కుర్చీల్లో మమ్మల్ని కూర్చోనిచ్చేరు. ఒంటి బరువు తూచేటప్పుడు అన్నయ్య తన పాత బరువు తరగతిలోకి రాలేదు, దానికన్నా కిందిదాంట్లో పడ్డాడు. అయినా పోస్టుకి ఎత్తవలసిన మొత్తం అన్నయ్యకి పెద్దదేం కాదు. ముందు ఏడాది అయితే షెడ్డులో మాటలాడుతూ ఎత్తేసేవాడు.

స్నాచ్, అదే ఒక్క ఊపులో తల మీదికి లేపేది, ఎలాగో గట్టెక్కింది. ముందు భుజాల మీదికీ, అక్కణ్ణించి తల మీదికీ ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలిచ్చేరు. మొదటిసారి బార్ భుజాల మీదికి వచ్చింది. ఆయన కింద కూర్చుని ఉన్నాడు, లేవడం లేదు. తొడలు వణుకుతున్నాయి. బార్ ముందుకి వదిలేసేడు. రెండోసారీ అంతే. కాళ్లు లేవలేదు.

మాస్టారు లేచి వెళ్లి, చెవిలో ఏదో చెప్పి, బెల్టు బిగించి వచ్చేడు. కూర్చున్నాక తన చెయ్యి నా చెయ్యి మీద వేసి నొక్కి పట్టుకున్నాడు. అది కూడా ఆయనకి తెలిసినట్టు లేదు.

మూడోసారి అన్నయ్య లేచేడు. ఎలా లేచేడో, మొహం నల్లబడిపోయింది. నిలబడి, రెండు ఊపిర్లు తీసుకుని, తల మీదికి తోసేడు. బార్ పైకి వెళ్లింది. ఒక మోచెయ్యి నిలబడింది. రెండోది నిలబడలేదు. ఇనుము అంతా ఆయన ముందు చెక్క మీద పడి, ఎగిరి, మళ్లీ పడింది.

పరీక్ష చేసినవాళ్లలో ఒకాయన రాష్ట్ర పోటీల్లో అన్నయ్యని చూసేడట. కాగితంలో పేరు చూసి దగ్గరికొచ్చి, "నువ్వా? నేను గుర్తుపట్టనేలేదయ్యా. జ్వరం గానీ వచ్చిందా?" అని అడిగేడు.

"లేదండి. పరిగెత్తేనండి" అన్నాడు అన్నయ్య.

రైల్లో అన్నయ్య మాస్టారి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయేడు. తను కదిలితే లేస్తాడని మాస్టారు అనకాపల్లి వచ్చేదాకా బీడీ కూడా వెలిగించలేదు.

ఇంట్లో అమ్మకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. "పరుగు నెగ్గేడు కదా? మరి ఉద్యోగం ఎందుకివ్వరు?" అని నన్ను అడిగింది, తరవాత మాస్టార్ని అడిగింది, పాస్టర్‌గారిని కూడా అడిగింది. "కట్టమైందే నెగ్గేడు. వచ్చిందాంట్లో పోడమేటి?" అని రోజుల తరబడి పొయ్యి దగ్గర తనలో తనే అనుకునేది. పరీక్షైన రాత్రి అన్నం పెడితే అన్నయ్య ఆబగా తిన్నాడు. తరవాత పెరట్లోకెళ్లి కక్కేసుకున్నాడు. కడుపు కూడా అలవాటు మరిచిపోయింది.

మళ్లీ ఒళ్లు పెంచుకుందామని చూసేడు. బరువు కొంత వచ్చింది. బలం వచ్చింది కాదు. పరుగులో నలిగిన కుడి మోకాలు, బరువు భుజాన పెట్టుకుని కూర్చుంటే లోపల కలుక్కుమనేది. డాక్టరుకి చూపిస్తే, ఇక ఆ పని చెయ్యొద్దని, చేస్తే నడక కూడా పోతుందని చెప్పేరు. ఒక సాయంత్రం షెడ్డుకి వెళ్లి బెల్టు అక్కడ మేకుకి తగిలించేసి వచ్చేడు. కబడ్డీ కుర్రాడెవడైనా వాడుకుంటాడని మాస్టారితో అన్నాడట. కబడ్డీకి బెల్టెందుకని మాస్టారు అనలేదు.

నాన్న షాపు అన్నయ్య చేతికొచ్చింది. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, అతుకు చేత్తో తడిమి చూసి, బాగుందో లేదో చెప్పేవాడు.

నేను ట్రైనింగ్ చేసి, చీడికాడ మండలంలో ఒక హైస్కూల్లో ఆటల టీచరుగా చేరేను. మొదటి రోజుల్లో హెడ్మాస్టరుగారు, "ఫిట్‌నెస్ టెస్టంటే అందర్నీ ఒక రౌండు తిప్పితే అయిపోయె కదమ్మా, ఇన్ని రకాలెందుకు?" అనేవారు. నేను ఆయనతో వాదించలేదు. ఏ ఆటకి ఏ పరీక్షో పెట్టుకుంటూ పోయేను. ఎనిమిదో తరగతిలో లావుగా, అందరికన్నా వెనక పరిగెత్తే అమ్మాయొకతి ఉండేది. పరుగు అనగానే కడుపునొప్పి అనేది. దానిచేత ఇసక బంతి వెనక్కి విసిరిస్తే గ్రౌండు దాటి పొలంలో పడింది. అది తన చేతుల వైపు చూసుకున్న చూపు నాకు ఆనందాన్ని ఇవ్వాలి. ఇచ్చింది కూడా. కానీ ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ, దారంతా మొహం కిటికీ వైపే పెట్టుకుని కూర్చున్నాను.

అలా పదేళ్లు గడిచిపోవచ్చేయి. ఒక సెలవు రోజు నాన్నకి అన్నం క్యారేజీ తీసుకుని షాపుకి వెళ్లేను. అన్నయ్య ఎవరిదో గేటుకి బద్దీలు అతుకుతున్నాడు. మాస్టారు సైకిల్ మీద వచ్చేడు. రిటైరయ్యేక బాగా వంగిపోయేడు. సైకిల్ స్టాండు వెయ్యడానికి కూడా రెండుసార్లు ప్రయత్నించేడు.

బల్ల మీద కూర్చుని, "ఒరే, రూలు మార్చేరట" అన్నాడు.

అన్నయ్య మొహానికడ్డం పెట్టుకున్న అద్దం పక్కకి తీసేడు. "ఏ రూలు మాస్టారూ?"

"ఆ ఉద్యోగాలకే. బరువులెత్తేవాళ్లకి, గుండు విసిరేవాళ్లకి ఇకమీదట ఆ పరుగు లేదట. నిలబడి ఎగరడం, బంతి వెనక్కి విసరడం పెడతారట. వైజాగ్‌లో చెప్పేరు."

అన్నయ్యకి ఆ ఉద్యోగాల వయసు దాటిపోయి అప్పటికి రెండేళ్లు. మా ముగ్గురికీ అది తెలుసు. నేను క్యారేజీ గిన్నెలు విప్పేను.

"మంచిదే కదా మాస్టారూ" అన్నాడు అన్నయ్య.

"మంచిదేరా."

"మరేటలా కూకున్నారు? వచ్చీవోళ్లకైనా బాగుంటాది. టీ తాగుతారా?"

మాస్టారు వద్దని తల ఊపేడు. జేబులో బీడీ కట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ పెట్టేసుకున్నాడు. అన్నయ్య చేతులు గుడ్డతో తుడుచుకుని వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. లారీలు వెళ్తున్నాయి. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

వెళ్లడానికి లేచి మాస్టారు సైకిల్ ఎక్కబోతే కాలు తడబడింది. అన్నయ్య హ్యాండిల్ పట్టుకుని, "ఉండండి, నానొత్తాను" అని సైకిల్ తను నడిపించుకుంటూ బయల్దేరేడు. మాస్టారు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. అన్నయ్య కుడికాలు కొంచెం ఈడ్చేడు, మాస్టారు నడుం కొంచెం వంచేడు. లారీల దుమ్ములో రోడ్డు వారగా ఇద్దరూ మెల్లిగా వెళ్లిపోయేరు.

చప్పుడు ఆగిపోయిందని నాన్న స్టూలు మీదినుంచి మొహం ఇటు తిప్పేడు.

"ఆడేడే?" అని అడిగేడు.

"మాస్టార్ని ఇంటికి దిగబెట్టడానికెళ్లేడు నాన్నా."

"బండి మీదా?"

"నడిచే" అన్నాను. కంచంలో అన్నం వడ్డించి, కూర కలిపి, ఆయన చేతిని కంచం దగ్గరికి తీసుకొచ్చి పెట్టేను.